కేటలాగ్‌లో లేని టూల్‌ని క్యామ్‌లో పెట్టడం: ఏ పద్ధతి ఎవరికి కుదురుతుంది

హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి షెడ్లలో వీఎంసీ (కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే మిల్లింగ్ మెషిన్) పక్కనుండే టూల్ ట్రాలీ తెరిచి చూస్తే, ఏ కేటలాగ్‌లోనూ దొరకనివి కొన్నైనా కనిపిస్తాయి. గ్రైండింగ్‌కి వెళ్లొచ్చి 10 మి.మీ. కాస్తా 9.72 అయిన ఎండ్‌మిల్ (పక్కలతో కూడా కోసే మిల్లింగ్ కట్టర్), ఒకే ఒక్క ఆర్డర్ కోసం చేయించిన ఫారం కట్టర్ (జాబ్‌కి కావాల్సిన ఆకారమే అంచుగా ఉన్నది), రాణిగంజ్‌లో మామూలు డ్రిల్ కొనుక్కొచ్చి ఇక్కడ స్టెప్ తీయించినది. మెషిన్ మీద ఇవి బాగానే కోస్తాయి. తంటా అంతా క్యామ్ సాఫ్ట్‌వేర్‌లో, అంటే మెషిన్ ప్రోగ్రామ్ తయారుచేసేదానిలో, వీటిని పెట్టే దగ్గరే. సిమ్యులేషన్‌లో నున్నగా కనిపించిన జాబ్ మెషిన్ మీద పక్కకి 0.14 మి.మీ. మందంగా వస్తుంది. లైబ్రరీలో సరిచేసిన టూల్ ప్రోగ్రామ్‌లో పాత కొలతలతోనే ఉండిపోతుంది. కష్టపడి గీసి సేవ్ చేసిన ఫారం టూల్‌ని ఏ ఆపరేషన్‌లోనూ ఎంచుకోనివ్వదు.

ఇలాంటప్పుడు చాలామంది ఫ్యూజన్ మంచిదా, మాస్టర్‌క్యామ్ మంచిదా అని మొదలుపెడతారు. అది చివర తేల్చాల్సిన సంగతి. ముందు తేల్చుకోవాల్సినవి మూడు: టూల్ ఆకారాన్ని సాఫ్ట్‌వేర్‌కి ఎలా చెప్పాలి, సైజు తేడాని కంప్యూటర్ సర్దాలా మెషిన్ సర్దాలా, ఆ వివరాలన్నీ ఎక్కడ దాచాలి. మూడింటికీ నా గీటురాయి ఒకటే. రాత్రి షిఫ్ట్‌లో మెషిన్ దగ్గరున్న మనిషి వెర్నియర్‌తోనో మైక్రోమీటర్‌తోనో కొలిచి "ఇది తప్పు" అని చెప్పగలిగే అంకెలతోనే టూల్ నిర్వచించి ఉండాలి. ఆయన కొలవలేని అంకె ఏదైనా ఉంటే, అది తప్పినప్పుడు పట్టుకునే నాథుడు ఉండడు.

ఆకారం చెప్పడం: దగ్గరి రకమా, సొంత గీతా, కంపెనీ మోడలా

మొదటి పద్ధతి, సాఫ్ట్‌వేర్‌లో ఉన్న రకాల్లో దగ్గరిది తీసుకుని కొలతలు మార్చుకోవడం. దీన్ని చిన్నచూపు చూస్తారు గానీ, షాపుల్లో వచ్చే స్పెషల్ టూల్స్‌లో ఎక్కువ భాగం దీంతోనే అయిపోతాయి. గ్రైండ్ అయిన ఎండ్‌మిల్ అంటే డయామీటర్ మారిన ఎండ్‌మిల్, అంతే. డవ్‌టెయిల్, టీ-స్లాట్ కట్టర్, లాలీపాప్, థ్రెడ్ మిల్, కార్నర్ రౌండింగ్ కట్టర్ లాంటివాటికి పెద్ద క్యామ్ సాఫ్ట్‌వేర్లలో రెడీమేడ్ రకాలే ఉంటాయి. కాబట్టి గీతలు గీయడానికి కూర్చునే ముందు టూల్ రకాల జాబితా ఒక్కసారి పూర్తిగా కిందిదాకా చూడండి. ఈ పద్ధతి వల్ల లాభం ఏమిటంటే అన్ని స్ట్రాటజీలూ (సాఫ్ట్‌వేర్ ఇచ్చే కోత పద్ధతులు) పనిచేస్తాయి, గౌజ్ చెకింగ్ (టూల్ జాబ్‌లోకి దూరిపోతుందేమో చూడటం) పనిచేస్తుంది, ప్రతి అంకె కొలిచి చూసుకునేదే అవుతుంది.

ఇందులో తప్పు ఎక్కువగా డ్రిల్ దగ్గర దొర్లుతుంది. 10 మి.మీ. డ్రిల్‌కి 118 డిగ్రీల మొన ఉంటే మొన పొడవు సుమారు 3.0 మి.మీ. అదే 140 డిగ్రీల కార్బైడ్ డ్రిల్‌కి 1.82. గ్రైండర్ దగ్గరికి వెళ్లిన కార్బైడ్ డ్రిల్ 118కి మారి తిరిగొస్తే, లైబ్రరీలో 140 అనే ఉంటే, పూర్తి డయామీటర్ లోతు దాదాపు 1.2 మి.మీ. తగ్గిపోతుంది. మర కోసే ట్యాప్ ఆ హోల్‌లోకి దిగాక విరిగితే అందరూ ట్యాప్‌నే తిడతారు.

రెండో పద్ధతి, ప్రొఫైల్ మనమే గీసి ఇవ్వడం. ఒకే కట్టర్‌లో రెండు మూడు రేడియస్‌లు, మధ్యలో వాలు, కింద ఫ్లాట్ లాంటివి ఉన్నప్పుడు ఇది తప్పదు. కానీ సాఫ్ట్‌వేర్ ఒప్పుకోకపోవడానికి కారణాలు దాదాపు ఎప్పుడూ అవే. టూల్‌ని నిలువునా రెండు ముక్కలు చేస్తే వచ్చే సగం గీత మాత్రమే కావాలి. డ్రాయింగ్‌లో ఉన్న పూర్తి బొమ్మని అలాగే ఇస్తే ఎర్రర్ వస్తుంది, లేదా ఇంకా ఘోరంగా, ఎర్రర్ రాకుండా రెట్టింపు డయామీటర్ టూల్ తయారవుతుంది. చాలా సాఫ్ట్‌వేర్లలో టూల్ అక్షం సున్నా గీత మీద, కింది మొన సున్నా దగ్గర ఉండాలి. గీతల చివర్లు ఒకదానికొకటి అతుక్కుని ఉండాలి. కంటికి కనిపించని ఖాళీ ఉన్నా గీత తెగినట్టే. స్ప్లైన్‌లు ఉంటే వాటిని ఆర్క్‌లుగా మార్చుకోండి. ఇక డీఎక్స్ఎఫ్ (2డీ డ్రాయింగ్) ఫైల్‌లో యూనిట్ సమాచారం ఉన్నా దాన్ని పట్టించుకోని సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. దిగుమతి అయిన టూల్ 25.4 రెట్లు పెద్దగానో చిన్నగానో ఉంటే వేరే కారణం వెతకొద్దు, అది ఇంచుల గొడవే. 3డీ మోడల్ దాచే ఎస్‌టీఎల్ ఫైల్‌లో అయితే యూనిట్ అనేదే ఉండదు. 3డీ మోడల్‌కే వాడే స్టెప్ (STEP) ఫైల్‌లో ఉంటుంది.

ప్రొఫైల్ టూల్‌కి ఇంకో పరిమితి ఉంది. అది ఎంత చక్కగా గీసినా ప్రతి స్ట్రాటజీలో కనిపించదు. కాంటూర్, ట్రేస్ లాంటి 2డీ ఆపరేషన్లు దీన్ని తీసుకుంటాయి, 3డీ ఫినిషింగ్ ఆపరేషన్లు చాలావరకు తీసుకోవు. అలాంటి చోట టూల్ సెటప్ తప్పు అనుకుని రోజంతా గీతలు దిద్దుతూ కూర్చోవద్దు. ముందు ఒక సాదా 2డీ కాంటూర్‌లో ఆ టూల్ కనిపిస్తుందో లేదో చూడండి. కనిపిస్తే టూల్ బాగానే ఉన్నట్టు.

ఫారం టూల్‌లో నాకు అన్నిటికంటే భయం సున్నా ఎక్కడ అన్న విషయంలో. కార్నర్ రౌండింగ్ కట్టర్‌లో రేడియస్ మొదలయ్యే చోటుకి కింద మొన ఇంకా 1.5 మి.మీ. ఉందనుకోండి. ప్రోగ్రామర్ రేడియస్ మొదలయ్యే చోటుని సున్నాగా గీస్తాడు, ఆపరేటర్ అలవాటుగా మొనని టచ్ చేసి లెంగ్త్ ఆఫ్‌సెట్ (మెషిన్‌కి ఇచ్చే టూల్ పొడవు) తీసుకుంటాడు. ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేసినట్టుంటుంది, జాబ్ మాత్రం జెడ్‌లో 1.5 తేడాతో వస్తుంది. అందుకే ఏ ఫారం టూల్ అయినా సున్నా మొన దగ్గరే పెట్టండి, ఎందుకంటే మెషిన్ మీద తాకించగలిగేది మొననే.

స్పీడ్ కూడా ఇక్కడే తప్పుతుంది. సాఫ్ట్‌వేర్ స్పిండిల్ వేగాన్ని మీరిచ్చిన డయామీటర్ నుంచి లెక్క కడుతుంది. అదే కట్టర్‌కి మొన 6, పెద్ద వ్యాసం 16 మి.మీ. ఉండి, కటింగ్ స్పీడ్ నిమిషానికి 20 మీటర్లు ఇస్తే, 6 ప్రకారం దాదాపు 1060 ఆర్‌పీఎం వస్తుంది. కోసేది మాత్రం 16 దగ్గర కూడా. అక్కడ వేగం నిమిషానికి 53 మీటర్లు దాటిపోతుంది. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) ఫారం కట్టర్ అయితే మొదటి జాబ్‌కే అంచు నీలం తిరుగుతుంది. 16 ప్రకారం లెక్క కడితే రావాల్సింది సుమారు 400 ఆర్‌పీఎం. పైగా పాత కార్బైడ్ టూల్‌ని కాపీ చేసి కొత్త హెచ్‌ఎస్‌ఎస్ టూల్ తయారుచేస్తే, పాత స్పీడ్ ఫీడ్‌లు కూడా వెంట వస్తాయి. ఆకారం మార్చి వాటిని మర్చిపోవడం అందరికీ అలవాటే. హైదరాబాద్‌లోని ప్రభుత్వ లోహ సంస్థ మిశ్ర ధాతు నిగమ్ నుంచి వచ్చే టైటానియం, సూపర్ అల్లాయ్ కడ్డీల మీద పనిచేసే షాపులకి ఇది మరీ ఖరీదైన మరుపు, అక్కడ టూల్ కంటే మెటీరియల్ ధరే గుండె ఆపేస్తుంది.

మూడో పద్ధతి, టూల్ కంపెనీ ఇచ్చే మోడల్‌ని నేరుగా దించుకోవడం. శాండ్‌విక్, కెన్నామెటల్, ఇస్కార్ లాంటివి తమ టూల్స్‌కి స్టెప్ మోడల్, ఐఎస్ఓ 13399 పద్ధతిలో డేటా ఇస్తాయి. ఆ ప్రమాణంలో ప్రతి కొలతకి ఒక పొట్టి కోడ్ ఉంటుంది: డీసీ అంటే కోసే వ్యాసం, ఆర్ఈ అంటే కార్నర్ రేడియస్, ఏపీఎంఎక్స్ అంటే గరిష్ఠ కోత లోతు, ఓఏఎల్ అంటే మొత్తం పొడవు. ఇన్సర్ట్ కట్టర్లు, బోరింగ్ బార్లు, 5-యాక్సిస్ పని, హోల్డర్ తగులుతుందేమోనన్న అనుమానం ఉన్న చోట ఇది నిజంగా శ్రమ తగ్గిస్తుంది. ఆదిభట్ల వైపు ఏరోస్పేస్ భాగాలు చేసేవాళ్లకి ఇదే సరైనది.

కానీ మన సమస్య స్పెషల్ టూల్. బాలానగర్‌లో గ్రైండ్ చేయించుకున్న కట్టర్‌కి ఎవరూ స్టెప్ ఫైల్ ఇవ్వరు, చేతిరాత స్కెచ్ దొరికితే అదే ఎక్కువ. కేటలాగ్ టూల్‌ని గ్రైండ్ చేయించినా ఆ మోడల్ పనికిరాదు, ఎందుకంటే అది కొత్త టూల్ కొలతలు చూపిస్తూనే ఉంటుంది. కాబట్టి నా సలహా: కొన్న టూల్‌కీ, హోల్డర్‌కీ కంపెనీ మోడల్ వాడండి. గ్రైండ్ చేయించినదానికి మొదటి పద్ధతి. అది ఎంతకీ కుదరకపోతేనే ప్రొఫైల్ గీయండి.

హోల్డర్ మాట వచ్చింది గనక ఒక్క ముక్క. లైబ్రరీలో ఓవర్‌హ్యాంగ్ (హోల్డర్ నుంచి టూల్ బయటికి ఉండే పొడవు) 35 అని ఉంటే, ఈఆర్ కొలెట్‌లో (టూల్‌ని పట్టే బిగింపు) బిగించేటప్పుడు ఆపరేటర్ 35కి బిగించాలి కదా, ఆ అంకె ఆయనకి తెలిసేదెలా? సెటప్ షీట్ ప్రింట్‌లో ఓవర్‌హ్యాంగ్ కాలమ్ లేకపోతే సాఫ్ట్‌వేర్ చేసే కొలిజన్ చెకింగ్‌కి అర్థం లేదు.

సైజు తేడా ఎవరు సర్దాలి

స్పెషల్ టూల్ ఫిర్యాదుల్లో సగం పైకి టూల్ సెటప్ లాగా కనిపించే కాంపెన్సేషన్ (టూల్ సైజుకి తగ్గట్టు దారిని పక్కకి జరపడం) గొడవలే అని నా నమ్మకం. ఫ్యూజన్‌లో, మాస్టర్‌క్యామ్‌లో ఎంపికలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి: కంప్యూటర్, కంట్రోల్, వేర్, తిరగేసిన వేర్ (వేర్ లాంటిదే, ప్లస్ మైనస్ గుర్తు తిరగబడుతుంది), ఆఫ్.

కంప్యూటర్ ఎంచుకుంటే టూల్ సైజు పూర్తిగా ప్రోగ్రామ్‌లోనే కలిసిపోతుంది. మెషిన్‌లో జీ41 (టూల్ రేడియస్ అంత పక్కకి జరగమనే కోడ్) రాదు. మన 9.72 ఎండ్‌మిల్‌ని లైబ్రరీలో 10 అని వదిలేస్తే ప్రతి గోడకీ 0.14 మిగిలిపోతుంది, ఆపరేటర్ చేయగలిగింది ఏమీ ఉండదు. మళ్లీ పోస్ట్ చేయాల్సిందే, అంటే మెషిన్ కోడ్ మళ్లీ తీయాల్సిందే. రఫింగ్‌కి, 3డీ ఫినిషింగ్‌కి ఇది చాలు.

కంట్రోల్ ఎంచుకుంటే జాబ్ గీత మీదే ప్రోగ్రామ్ నడుస్తుంది, పూర్తి రేడియస్‌ని మెషిన్ డీ ఆఫ్‌సెట్ (ఆఫ్‌సెట్ పేజీలో ఆపరేటర్ వేసే టూల్ సైజు అంకె) నుంచి తీసుకుంటుంది. పాత పద్ధతిలో చేత్తో ప్రోగ్రామ్ రాసిన సీనియర్లకి ఇదే ఇష్టం. టూల్ రేడియస్ కంటే లోపలి మూల చిన్నదైనా, లీడ్-ఇన్ గీత (జాబ్ గీత మీదికి చేరే మొదటి కదలిక) చాలకపోయినా మెషిన్ ఆగిపోతుంది. ఫానుక్ కంట్రోలర్‌లో 041 అలారం అంటే కాంపెన్సేషన్‌లో ఇంటర్‌ఫియరెన్స్ (టూల్ దారి జాబ్‌కి తగలడం). 034 అంటే జీ41 మొదలయ్యేదో ముగిసేదో ఆర్క్ మీద జరిగింది, లీడ్-ఇన్‌కి ఒక తిన్నని గీత కలిపితే పోతుంది.

వేర్‌లో రెండూ కలుస్తాయి. ప్రోగ్రామ్‌లో 10 మి.మీ. లెక్క ఉంటుంది, జీ41 కూడా ఉంటుంది, మెషిన్‌లో తేడా మాత్రమే వేస్తాం. కొత్త టూల్‌కి డీ సున్నా, 9.72కి మైనస్ 0.14. టూల్స్ తరచుగా గ్రైండింగ్‌కి వెళ్లే షాపుకి ఫినిషింగ్ కాంటూర్లలో నేను కళ్లు మూసుకుని చెప్పేది ఇదే. మైక్రోమీటర్‌తో కొలిచి, తేడా సగం చేసి, ఆఫ్‌సెట్ పేజీలో వేయడం ఆపరేటర్ చేతిలో పని.

షాపు మొత్తానికి ఒకే పద్ధతి ఉండాలన్నది మాత్రం తప్పనిసరి. ఒక ప్రోగ్రామర్ వేర్‌లో ఇచ్చిన ప్రోగ్రామ్‌కి, కంట్రోల్‌కి అలవాటుపడిన ఆపరేటర్ డీలో 5 వేశాడంటే టూల్ గోడకి 5 మి.మీ. దూరంగా గాల్లో తిరుగుతుంది. దాని తిరగబడ్డ తప్పు మరీ ప్రమాదం: కంట్రోల్ ప్రోగ్రామ్‌కి డీ సున్నా ఉంటే కట్టర్ 5 మి.మీ. జాబ్‌లోకి దూరిపోతుంది. ఆఫ్‌సెట్ రేడియస్‌లో వేయాలా డయామీటర్‌లో వేయాలా అన్నది కూడా మెషిన్‌ని బట్టి మారుతుంది. హాస్ కంపెనీ మెషిన్‌లో అయితే సెట్టింగ్ 40 చూడండి. షెడ్‌లో రెండు కంపెనీల మెషిన్లు ఉంటే మెషిన్ తలుపు మీదే రాసి అతికించండి.

ఎక్కడ దాచాలి

లైబ్రరీలో టూల్ మార్చాను, ప్రోగ్రామ్‌లో మారలేదు అన్న ఫిర్యాదుకి కారణం చిన్నదే. టూల్‌ని ఆపరేషన్‌లో వాడగానే దాని కాపీ ఒకటి ఆ ఫైల్‌లో కూర్చుంటుంది. ఫ్యూజన్‌లో డాక్యుమెంట్, లోకల్, క్లౌడ్ అని వేర్వేరు లైబ్రరీలు కనిపించేది అందుకే. క్లౌడ్‌లో దిద్దితే డాక్యుమెంట్‌లోని కాపీ కదలదు. నిజానికి ఇది మంచిదే, నిన్న పాసైన ప్రోగ్రామ్ ఎవరో లైబ్రరీ ముట్టుకున్నందుకు ఇవాళ మారిపోకూడదు కదా. కొత్త కొలత కావాలంటే ఆ ఫైల్‌లోని టూల్‌ని మార్చి, మళ్లీ జనరేట్ చేసి, మళ్లీ పోస్ట్ చేయాలి.

ఒక్క ప్రోగ్రామర్ ఉన్న షాపుకి లోకల్ లైబ్రరీ, వారానికోసారి పెన్‌డ్రైవ్‌లో బ్యాకప్ సరిపోతుంది. ఇద్దరు ముగ్గురు ప్రోగ్రామర్లు ఉంటే క్లౌడో షేర్డ్ ఫోల్డరో కావాలి, దిద్దే హక్కు మాత్రం ఒక్కరికే ఉండాలి. అందరూ దిద్దే లైబ్రరీలో ఆర్నెల్లలో ఒకే 12 మి.మీ. ఎండ్‌మిల్ నాలుగు పేర్లతో కనిపిస్తుంది.

కొందరు ఎక్సెల్‌లో పట్టిక పెట్టుకుని సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైల్) ఎక్కించుకుంటారు. టూల్స్ చాలా ఉన్నప్పుడు వేగంగా అయిపోతుంది, సందేహం లేదు. కానీ ఎక్సెల్ మన మంచి కోరి కొన్ని మార్చేస్తుంది: 1/2 అని కొడితే తేదీ అయిపోతుంది, 0012 అన్న కోడ్ 12 అవుతుంది, మధ్యలో E అక్షరం ఉన్న అంకెల కోడ్ ఘాతాంక సంఖ్యగా మారుతుంది. ఆ కాలమ్‌లని ముందే టెక్స్ట్‌గా మార్చి ఆ తర్వాత టైప్ చేయండి. టూల్ వివరణని ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో, బ్రాకెట్లు లేకుండా రాయండి. పోస్ట్ ప్రాసెసర్ ఆ వివరణని ప్రోగ్రామ్‌లో బ్రాకెట్ల మధ్య కామెంట్‌గా పెడుతుంది. లోపల ఇంకో బ్రాకెట్ ఉంటే కొన్ని కంట్రోలర్లు అక్కడే ఆగిపోతాయి. తెలుగు అక్షరాలైతే మెషిన్ స్క్రీన్ మీద చెత్తగా కనిపిస్తాయి, ఎంత బాధగా ఉన్నా.

ఇక సాఫ్ట్‌వేర్

కొత్తగా షెడ్ పెట్టినవాళ్లకి ఫ్యూజన్ తేలిక. టూల్ ఎడిటర్ బొమ్మతో సహా స్పష్టంగా ఉంటుంది, నేర్చుకోవడానికి వీడియోలకి కొదవలేదు. ఉచిత పర్సనల్ లైసెన్స్‌తో సరిపెట్టుకుందామని మాత్రం చూడకండి. అది వ్యాపారానికి కాదు, పైగా ఆటోమేటిక్ టూల్ చేంజ్ రాదు, రాపిడ్ కదలికలు ఫీడ్ వేగానికి పడిపోతాయి. టూల్ సెటప్ పాడైందని వచ్చే కొన్ని ఫిర్యాదులు అసలు ఈ లైసెన్స్ పరిమితులే.

మాస్టర్‌క్యామ్‌కి ఇక్కడ ప్రోగ్రామర్లు దొరుకుతారు, అదే దాని పెద్ద బలం. ఉన్న మనిషి మానేస్తే ఇంకొకరిని తెచ్చుకోగలగాలి కదా. టూల్‌నీ హోల్డర్‌నీ అసెంబ్లీగా కలిపి దాచుకునే పద్ధతి కూడా గట్టిగా ఉంటుంది. డిజైన్ అంతా సాలిడ్‌వర్క్స్‌లో చేసే షాపుకి సాలిడ్‌క్యామ్ సహజం, ఫారం టూల్ ఆకారాన్ని అదే స్కెచ్‌లో గీసి ఇవ్వొచ్చు. ఎన్ఎక్స్ పెద్ద కంపెనీలకి సరుకు ఇచ్చేవాళ్లకి. దాని టూల్ డేటాబేస్ ఒక టెక్స్ట్ ఫైల్, చేత్తో దిద్దుకోవచ్చు, కానీ ఒక్క కాలమ్ పక్కకి జరిగినా టూల్ మాయమవుతుంది. చూసుకునే మనిషి ఉంటేనే దాని జోలికి వెళ్లండి.

ఫ్రీక్యాడ్‌ని తీసిపారేయొద్దు. 2024 నవంబర్‌లో వచ్చిన 1.0లో పాత్ వర్క్‌బెంచ్ పేరు క్యామ్ అయింది. టూల్ ఆకారం అక్కడ ఒక మామూలు ఫ్రీక్యాడ్ ఫైల్. కొలతలకి పేర్లు పెట్టి ఒకసారి గీస్తే, ఆ తర్వాత ఎన్ని సైజులకైనా అంకెలు మార్చుకుంటే చాలు. కొలిచి చూసుకోగల అంకెలే ఉండాలన్న నా పట్టింపుకి ఇదే అన్నిటికంటే దగ్గర. సిమ్యులేషన్, హోల్డర్ చెకింగ్ మాత్రం ఖరీదైనవాటి స్థాయిలో ఉండవు. 3-యాక్సిస్ ప్లేట్ పనికి, పిల్లలకి నేర్పడానికి బాగుంటుంది. పద్ధతిగా క్యాడ్, క్యామ్ నేర్చుకోవాలంటే 1968లో మొదలైన సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) బాలానగర్‌లోనే ఉంది, ఉద్యోగం చేస్తున్నవాళ్లకి ఉపయోగపడే స్వల్పకాలిక కోర్సులు అక్కడ నడుస్తాయి.

తేడా వచ్చినప్పుడు ఎక్కడినుంచి వెతకాలి

తేడా ఏ దిక్కులో ఉందో ముందు చూడండి, సాఫ్ట్‌వేర్ తెరవక ముందే. ఎక్స్, వైలో గోడలన్నీ సమానంగా మందమో పలచనో అయితే డయామీటర్ లేదా డీ ఆఫ్‌సెట్. జెడ్‌లో అన్ని ఫీచర్లూ ఒకే తేడాతో ఉంటే వర్క్ ఆఫ్‌సెట్ (జాబ్ సున్నా) చూడండి, ఒక్క టూల్ చేసినవి మాత్రమే తప్పితే ఆ టూల్ లెంగ్త్ లేదా మొన సున్నా. తేడా సరిగ్గా టూల్ రేడియస్ అంత ఉంటే కాంపెన్సేషన్ పద్ధతి తారుమారైంది. గుండ్రని అంచు దగ్గర చిన్న మెట్టు పడితే ఫారం టూల్ ప్రొఫైల్‌లో వాడిన రేడియస్ నిజం టూల్‌ది కాదు.

జెడ్‌లో తేడా పదుల మిల్లీమీటర్లలో ఉంటే, లేదా టూల్ టేబుల్ వైపు దూసుకెళ్లబోతే, పోస్ట్ అయిన ప్రోగ్రామ్ తెరిచి టీ (టూల్), హెచ్ (లెంగ్త్ ఆఫ్‌సెట్), డీ (రేడియస్ ఆఫ్‌సెట్) నంబర్లు చూడండి. లైబ్రరీలో ఒక టూల్‌ని కాపీ చేసి నంబర్ 5 నుంచి 12కి మార్చినప్పుడు, కొన్ని సాఫ్ట్‌వేర్లలో లెంగ్త్ ఆఫ్‌సెట్ నంబర్ 5గానే మిగిలిపోతుంది. టీ12 పట్టుకుని జీ43 (టూల్ పొడవు తీసుకోమనే కోడ్) హెచ్5 చదివితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. హాస్‌లో సెట్టింగ్ 15 ఆన్ చేసి ఉంచితే టీ, హెచ్ కలవనప్పుడు అలారం ఇచ్చి ఆపేస్తుంది. ఆ సౌకర్యం లేని మెషిన్ అయితే కొత్త స్పెషల్ టూల్ మొదటిసారి దిగేటప్పుడు సింగిల్ బ్లాక్ పెట్టి, రాపిడ్ 25 శాతానికి తగ్గించి, జీ43 లైన్ దాటాక స్క్రీన్ మీద మిగిలిన దూరం ఎంతుందో చూసి, టూల్‌కీ జాబ్‌కీ మధ్య కంటికి కనిపించే ఖాళీతో పోల్చి ఆ తర్వాతే స్టార్ట్ నొక్కండి.